పాట ఎత్తుకునేవాళ్ళు, అందుకునేవాళ్ళు

ఈ ప్రత్యేక సంచిక కోసం బృందగానం గురించి, దాన్ని నేర్పే పద్ధతి గురించి రాయమని మన సంఘం పెద్దలు అడిగారు. వెంటనే నాకు రెండు మాటలు గుర్తొచ్చాయి. ఒకటి ఎత్తుకోవడం, రెండోది అందుకోవడం. నాట్లేసే చోటగానీ, బతుకమ్మ చుట్టూ తిరిగే చోటగానీ "పాట ఎవరు ఎత్తుకుంటరు?" అని అడుగుతారు. "ఎవరు పాడుతరు?" అని ఎవరూ అడగరు. పాడేది అందరూ కదా. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు. గ్రూప్ సాంగ్, కోయిర్, బృందగానం అనే మాటలన్నీ మనకు బడితో పాటు వచ్చినవే. అంతకుముందు తండాలోగానీ గూడెంలోగానీ వాటి అవసరం పడలేదు, ఎందుకంటే పాట అంటేనే పది మందిది.

నేను మేడ్చల్ వైపు ఒక గిరిజన బాలికల హాస్టల్లో వార్డెన్‌ని. బీఈడీలో పాఠ్య ప్రణాళిక రాయడం నేర్పారు, నల్లబల్ల మీద వరుస తప్పకుండా రాయడం నేర్పారు. పాట ఎలా నేర్పాలో ఎవరూ చెప్పలేదు. మన తాతముత్తాతలు ఎలా నేర్పుకున్నారు, ఎక్కడ ఆ గొలుసు తెగింది, బయటి ప్రపంచంలో ఇలాంటి కష్టం ఇంకెవరికైనా వచ్చిందా అని వెతుకుతూ తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల తండాల్లో పెరుగుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, చదువుకోసం ఏజెన్సీ నుంచి ఇక్కడికి వచ్చిన పిల్లలు దీన్ని చదవాలని నా కోరిక.

ముందు మా లంబాడాల సంగతి. 17వ శతాబ్దంలో మొగల్ సైన్యాలు దక్కన్ మీదికి వచ్చినప్పుడు వాటి వెంట ధాన్యం మోసుకొచ్చినవి మా పూర్వీకుల ఎడ్ల బిడారులు. ఉప్పు, ధాన్యం వేల ఎడ్ల మీద వేసుకుని ఊరూరా తిరిగే బతుకు అది. 19వ శతాబ్దం రెండో సగంలో రైళ్ళు, పక్కా రోడ్లు పెరిగేకొద్దీ ఆ వ్యాపారం కూలిపోయింది. బిడారులు ఆగిన చోటే తండాలయ్యాయి. ఇన్ని వందల ఏళ్ళ తిరుగుడులో మా గోర్ బోలికి సొంత లిపి లేదు. రాసిపెట్టుకోవడానికి పుస్తకం లేదు, చూపించడానికి కోట లేదు. ఉన్నదంతా నోట్లోనే ఉంది. నోట్లో ఉన్నది పోకుండా కాపాడాలంటే ఒక్క నోట్లో పెడితే చాలదు, పది నోళ్ళలో పెట్టాలి. మా పాటల కట్టుబాటు అలా తయారైందని నేను అనుకుంటాను.

తీజ్ సంగతే చూడండి. శ్రావణ మాసంలో పెళ్ళికాని ఆడపిల్లలు పుట్టమన్ను, ఎరువు కలిపిన బుట్టల్లో గోధుమలు వేసి తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తారు. నీళ్ళకు పోయేటప్పుడు పాట, బుట్టల చుట్టూ తిరిగేటప్పుడు పాట, తొమ్మిదో రోజు మొలకలను చెరువుకు తీసుకుపోయేటప్పుడు పాట. అంటే రోజూ రెండు మూడు సార్లు, తొమ్మిది రోజులు, అవే పాటలు. ఇది పండుగే గానీ, టీచర్ కళ్ళతో చూస్తే అంతకన్నా పక్కా శిక్షణా తరగతి ఇంకోటి కనిపించదు. చిన్న పిల్లకు ఎవరూ "కూర్చో, నేర్చుకో" అనరు. మొదటి ఏడు అక్కల వెనక నిలబడి చివరి ముక్క మాత్రం అందుకుంటుంది. రెండో ఏడు చరణం మొత్తం వస్తుంది. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో మూడో ఏడుకల్లా తెలిసిపోతుంది. పదిహేనేళ్ళు వచ్చేసరికి ఒకరోజు పెద్దామె గొంతు బాగాలేకపోతే "నువ్వు ఎత్తుకో" అంటారు. అంతే, పట్టా చేతికి వచ్చినట్టే.

మగవాళ్ళకు ఇలాంటి బడి హోలీ. లెంగి పాటలు రెండు జట్లుగా, ఒకరు అన్నది ఇంకొకరు అందుకుంటూ, రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి. పెళ్ళికూతురు పాడే ఢావ్లో మాత్రం వేరే రకం. పుట్టింటిని వదిలి పోయేటప్పుడు ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడే పాట అది. పైకి ఒక్కరు పాడేదిలా కనిపిస్తుంది గానీ, దాన్ని నేర్పేది తండాలోని పెద్ద ఆడవాళ్ళు. పిల్ల గొంతు తడబడితే పక్కనున్నవాళ్ళు ఏడుపు కలిపి ఆదుకుంటారు. ఏడవడానికి కూడా నేర్పాలా అని ఒకసారి మా హాస్టల్లో ఒక అమ్మాయి నన్ను అడిగింది. ఏడుపు దానంతట అది వస్తుంది, దాన్ని మాటల్లో పెట్టడం నేర్పాలి అన్నాను.

ఎత్తుకోవడం, అందుకోవడం అన్నాను కదా, అందులో ఒక సూక్ష్మం ఉంది. బడిలో టీచర్ ఒక చరణం పాడి ఆగితే, పిల్లలు ఒక క్షణం ఆగి దాన్ని తిరిగి చెబుతారు. తండాలో అలా ఆగరు. ఎత్తుకున్నామె చివరి అక్షరం లాగుతుండగానే వంత మొదలవుతుంది. వంత ముగియకముందే ఆమె తర్వాతి చరణం ఎత్తుకుంటుంది. రెండు గొంతులూ ఒక చోట ఒకదాని మీద ఒకటి పడతాయి. తాడు పేనినట్టు. దానివల్ల పాటలో ఎక్కడా ఖాళీ ఉండదు. ఎత్తుకునే మనిషికి ఊపిరి పీల్చుకోవడానికి, తర్వాతి మాట గుర్తు చేసుకోవడానికి వంత సమయం ఇస్తుంది. ఆమె మరిచిపోతే వంతవాళ్ళు తమ ముక్కను ఇంకోసారి తిప్పి పాడతారు, వినేవాళ్ళకు తెలియదు కూడా. కాబట్టి వంతను తక్కువ పనిగా చూడకండి. బుర్రకథలో కూడా కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. వాళ్ళు లేకపోతే ఎంత గొప్ప కథకుడైనా పావుగంటకే అలసిపోతాడు. 1943 నుంచి ప్రజానాట్యమండలి ఊరూరా బుర్రకథ దళాలను నిలబెట్టిందంటే, షేక్ నాజర్ లాంటివారు కథకుడితో పాటు వంతలనూ తయారుచేశారు కాబట్టే.

అన్ని తెగల పద్ధతీ ఒకటి కాదు. ఆదిలాబాద్ గోండుల దగ్గర వంశ చరిత్రలు, దేవతల కథలు చెప్పే బాధ్యత పర్ధాన్‌లది. కిక్రి అనే తంత్రీవాద్యం వాయిస్తూ ఒకరు కథ నడిపిస్తారు, తోడున్నవాళ్ళు అందుకుంటారు. కొన్ని గోండు కుటుంబాలకు కొన్ని పర్ధాన్ కుటుంబాలు తరతరాలుగా కట్టుబడి ఉంటాయి. కథ చెప్పినందుకు ధాన్యం, పశువులు ఇచ్చి గౌరవించడం గోండుల బాధ్యత. కోయల్లో డోలీలు ఇదే పని చేస్తారు. బొమ్మల పడిగె చూపిస్తూ ఇంటిపేర్ల కథలు, సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ పాడతారు. ఇక్కడ అందరూ ఎత్తుకోరు. ఎత్తుకునే హక్కు కొందరిదే. దానివల్ల ఒక లాభం ఉంది, ఒక ప్రమాదమూ ఉంది. రోజుల తరబడి సాగే కథ మాట పోకుండా నిలుస్తుంది, అది లాభం. కొడుకు నేర్చుకోకపోతే తండ్రితోనే అంతా పోతుంది, అది ప్రమాదం.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య పేరు మీరు వినే ఉంటారు. కంచుమేళం కళాకారుడు. బడికి పోలేదు, కానీ కోయ వీరుల కథలను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. అంతకు ముందు ఏడాది, 2021లో, గుస్సాడీ నేర్పించిన మర్లవాయి కనకరాజుకు పద్మశ్రీ వచ్చింది. ఆయనా 2024 అక్టోబర్‌లోనే పోయారు. ఒకే ఏడాదిలో ఇద్దరు. ఫోటోలకు దండలు వేశాం, వాట్సాప్ స్టేటస్‌లు పెట్టుకున్నాం. వాళ్ళ వెనక నిలబడి అందుకున్నవాళ్ళు ఎవరు, వాళ్ళలో ఇప్పుడు ఎత్తుకోగలిగినవాళ్ళు ఎందరు అని అడిగినవాళ్ళు నాకు పెద్దగా కనిపించలేదు. నాకైతే అవార్డు కన్నా ఆ లెక్కే ముఖ్యం.

మర్లవాయి అన్నాను కాబట్టి ఒక మాట. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను రప్పించింది. ఆయన, భార్య బెట్టీ మర్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. గోండు పిల్లలకు గోండు టీచర్ గోండీలోనే చెప్పాలి అన్నది ఆ పథకం మూలం. అది ఎక్కువ కాలం నిలవలేదు, తర్వాత వచ్చిన బళ్ళు మళ్ళీ బయటి భాషలోకే మారిపోయాయి. ఎనభై ఏళ్ళ కింద ఒక పల్లెలో సాధ్యమైన పని ఇప్పుడు ఇంత చదువుకున్న మనకు ఎందుకు కష్టమవుతోందని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

గొలుసు ఎక్కడ తెగిందో ఇప్పుడు చెబుతాను. చాలామంది డీజే వల్ల అంటారు, సెల్‌ఫోన్ వల్ల అంటారు. అవీ కారణాలే. కానీ నా ఉద్దేశంలో అసలు తెగింపు అంతకు ముందే జరిగింది. అది నేను పనిచేసే చోటే, హాస్టల్లోనే జరిగింది. 1976 సవరణ చట్టం 1977లో అమల్లోకి వచ్చి తెలంగాణ ప్రాంతంలో లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. తండా పిల్లలకు గిరిజన హాస్టళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. ఆ చదువు లేకపోతే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు, మీరు చదివేవాళ్ళూ కాదు. అందుకే హాస్టళ్ళను నిందించడం నా ఉద్దేశం కాదు. కానీ క్యాలెండర్ ముందు పెట్టుకుని చూడండి. తీజ్ వచ్చేది శ్రావణంలో, అంటే బళ్ళు తెరిచి నెలన్నర రెండు నెలలు గడిచి యూనిట్ పరీక్షలు నడిచే రోజులు. హోలీ వచ్చేది మార్చిలో, పదో తరగతి పరీక్షల ముందూ వెనకా. ఆదిలాబాద్ పిల్లలకు దండారి దీపావళికి ముందు రోజుల తరబడి సాగుతుంది, మనం ఇచ్చే సెలవు పండుగ పూటకే సరిపోతుంది. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా, సరిగ్గా వెనక వరసలోంచి ముందు వరసలోకి రావాల్సిన ఏళ్ళలో, పిల్ల పాటల బడికి గైర్హాజరు. ఒక్క పెళ్ళిళ్ళు మాత్రం ఎండాకాలం సెలవుల్లో వస్తాయి. మా హాస్టల్లో నేను గమనించింది కూడా అదే. అమ్మాయిలకు పెళ్ళి పాటలు కొన్నైనా వచ్చు, తీజ్ పాటలు మొదటి రెండు చరణాలు దాటవు.

ఇంకా ఒకటుంది, సిగ్గు. మేడ్చల్, శామీర్‌పేట వైపు తండాలు ఇప్పుడు ఊళ్ళ మధ్య ఉన్నాయి. ఒక పక్క అవుటర్ రింగ్ రోడ్డు, ఒక పక్క రాజీవ్ రహదారి, మధ్యలో ఫ్యాక్టరీలు, కోళ్ళ ఫారాలు, ప్లాట్ల హద్దురాళ్ళు. నీళ్ళకు పోయే బావి లేదు కాబట్టి నీళ్ళ పాట పాడే సందర్భమూ లేదు. బస్సులో అమ్మ ఫోన్ చేస్తే గోర్ బోలిలో జవాబివ్వడానికి గొంతు తగ్గించే పిల్లలను నేను చూస్తున్నాను. పొద్దున ప్రేయర్‌లో వచ్చీరాని ఇంగ్లీషు పాట గట్టిగా అరిచి పాడతారు. సొంత పాట అడిగితే నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతారు.

ఈ సిగ్గు మనకు మాత్రమే వచ్చింది కాదు. అమెరికాలో బానిసత్వం రద్దయ్యాక 1866లో టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో నల్లజాతి పిల్లల కోసం ఫిస్క్ అనే బడి మొదలైంది. యుద్ధకాలంలో సైన్యం వాడి వదిలేసిన ఆసుపత్రి షెడ్లలో నడిచేది. కొన్నేళ్ళకే అప్పులు పెరిగి మూతపడే స్థితి వచ్చింది. ఆ బడి కోశాధికారి, సంగీతం కూడా నేర్పే జార్జ్ వైట్ తొమ్మిది మంది విద్యార్థులను తీసుకుని 1871 అక్టోబర్ 6న పాటలు పాడి డబ్బు పోగు చేయడానికి బయలుదేరాడు. వాళ్ళలో చాలామంది బానిసలుగా పుట్టినవాళ్ళు. ఎల్లా షెప్పర్డ్ అనే అమ్మాయి పియానో వాయించేది, రిహార్సల్ నడిపించేది, పేరుకు సహాయకురాలు గానీ సగం బరువు ఆమెదే.

మొదట వాళ్ళు వేదిక మీద పాడినవి ఎక్కువగా తెల్లవాళ్ళ పాటలు. తమ అమ్మానాన్నలు పొలాల్లో, రహస్య ప్రార్థనల్లో పాడుకున్న పాటలు వాళ్ళకు రాక కాదు. అవి బానిస రోజులను గుర్తు చేసేవి, పైగా పెద్దవాళ్ళకు పవిత్రమైనవి. నలుగురి ముందు పాడాలంటే మనసు రాలేదు. వైట్ ఇంట్లో కుర్చీలు చాలక నేల మీద కూర్చుని, ఒకరి దగ్గర ఒకరు మెల్లగా నేర్చుకునేవాళ్ళమని షెప్పర్డ్ తర్వాత రాసుకుంది. చివరకు ఆ పాటలే వాళ్ళను నిలబెట్టాయి. మొదటి పర్యటనలోనే 20,000 డాలర్లు తెచ్చారు. 1873లో ఇంగ్లండ్ వెళ్ళి విక్టోరియా రాణి ముందు పాడారు. ఆ డబ్బుతో కట్టిన జూబిలీ హాలు ఇప్పటికీ ఆ విశ్వవిద్యాలయంలో ఉంది. ఫిస్క్ జూబిలీ సింగర్స్ ఇప్పటికీ పాడుతున్నారు, అదీ ముందు నిలబడి చేతులు ఊపే నాయకుడు లేకుండా. ఒకరి ఊపిరి ఒకరు విని మొదలుపెడతారు. ఇది చదివినప్పుడు నాకు మా తీజ్ వరసలే గుర్తొచ్చాయి.

అదే 1871లో ఇంకో పని కూడా జరిగింది. మన దేశంలో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. తర్వాతి కాలంలో మద్రాసు రాష్ట్రంలో లంబాడాలను, ఎరుకలను కూడా ఆ చట్టం కిందికి తెచ్చారు. 1952లో గానీ ఆ మచ్చ తొలగలేదు. ఫిస్క్ పిల్లలు తమ సిగ్గును పాటతో దాటడం మొదలుపెట్టిన ఏడాదే మన సిగ్గుకు కాగితం మీద పునాది పడింది. బస్సులో గొంతు తగ్గించే పిల్లకు ఈ చరిత్ర తెలియదు. కానీ ఆ గొంతు తగ్గడం వెనక అది ఉంది.

వైట్ పద్ధతిలో ఒకటి నాకు బాగా నచ్చింది. మెల్లగా పాడించడం. గట్టిగా పాడితే మన గొంతు మనకే వినబడుతుంది, మెల్లగా పాడితే పక్కవాళ్ళది వినబడుతుంది. మా దగ్గర ప్రేయర్‌లో ఎంత అరిస్తే అంత క్రమశిక్షణ అనుకుంటాం. అది పీఈటీ సార్ల పుణ్యం కావచ్చు, తప్పుగా అనుకోకండి.

మన వైపు బృందగానాన్ని ఒక ఉద్యమంలా పట్టుకున్న మనిషి ఎం.బి. శ్రీనివాసన్. 1925లో చిత్తూరులో పుట్టారు. మలయాళ సినిమాలకు సంగీత దర్శకుడు, 1961లో యేసుదాసు చేత మొదటిసారి సినిమా పాట పాడించింది ఆయనే. వామపక్ష ఉద్యమంలో, ప్రజా కళాకారుల మధ్య పెరిగినవాడు. సినిమా వాద్యకారుల కోసం సంఘం కట్టడంలోనూ ముందున్నారు. మద్రాస్ యూత్ కోయిర్ స్థాపించి, సంగీతం వృత్తి కాని యువకులను, ఉద్యోగస్తులను పోగుచేసి అనేక భారతీయ భాషల పాటలను బృందంగా పాడించారు. 1980లలో ఎన్‌సీఈఆర్‌టీ బడి టీచర్లకు సామూహిక గానం శిక్షణ నడిపినప్పుడు అందులో పాలుపంచుకున్నారు. మీ అమ్మానాన్నలను అడగండి, తమకు రాని భాషల్లో దేశభక్తి పాటలు బడి మైదానంలో పాడిన జ్ఞాపకం వాళ్ళకు ఉండవచ్చు. 1988 మార్చిలో లక్షద్వీప్‌లో ఉండగా ఆయన చనిపోయారు.

ఆయన పని నుంచి నేను తీసుకున్నది రెండు నమ్మకాలు. గొంతు బాగున్నవాళ్ళే పాడాలనేది తప్పు, నేర్పితే ఎవరైనా పాడతారు అనేది ఒకటి. మనది కాని భాషలో పాట నేర్చుకుంటే ఆ మనుషుల మీద గౌరవం పుడుతుంది అనేది రెండోది. ఒక్క విషయంలో మాత్రం ఆయన దారి మన దారి కాదు. ఆయన పాటను ముందే కూర్చి, ఎవరి స్వరం ఏమిటో నిర్ణయించి నేర్పేవారు. తండా పాటలో ఆ కూర్పు పాడేటప్పుడే జరుగుతుంది. ఒకామె చివర కొంచెం సాగదీస్తుంది, ఇంకొకామె ముందే దించేస్తుంది, అన్నీ కలిసి నీళ్ళ మీద అలల్లా ఉంటాయి. పోటీలకు తీసుకుపోయే టీచర్లు దీన్ని తప్పు అనుకుని గీత గీసినట్టు సరిచేస్తారు. సరిచేశాక అది బడి పాటలా వినబడుతుంది.

మా హాస్టల్లో ఎలా చేస్తున్నామో కొంచెం చెబుతాను, మీలో టీచర్లు కాబోయేవాళ్ళకు పనికొస్తుంది. రాత్రి భోజనాలయ్యాక, స్టడీ అవర్‌కు ముందు ఇరవై నిమిషాలు. గుండ్రంగా కూర్చుంటాం. మైకు, హార్మోనియం లేవు. మొదటి వారం పాటను నోటుబుక్కులో రాసుకోనివ్వను. రాసుకున్న పిల్ల కళ్ళు కాగితం మీదికి పోతాయి, ఎత్తుకునే పిల్ల నోటి మీద ఉండవు. వారం తర్వాత తెలుగు లిపిలో రాసుకుంటాం, పక్కన అర్థం కూడా. పాట ఎప్పుడూ కొంచెం కింది శ్రుతిలో ఎత్తుకోమంటాను. ఉత్సాహంలో పైన ఎత్తుకుంటే మూడో చరణానికి ఆరో తరగతి పిల్లలు కీచుమంటారు, ఇంటర్ పిల్లలు ఆపేస్తారు. ఊపిరి అందరూ ఒకేచోట పీల్చకూడదు. ఎడమ వైపువాళ్ళు ఒకచోట, కుడి వైపువాళ్ళు ఇంకోచోట పీలిస్తే పాట తెగదు. ఇది పెద్ద పెద్ద కోయిర్లలో నేర్పే పద్ధతే, తీజ్‌లో ఎదురెదురు వరసలవాళ్ళు చెప్పకుండానే చేసేదీ ఇదే.

శ్రుతి కలవని పిల్ల ప్రతి జట్టులో ఒకరిద్దరు ఉంటారు. "నువ్వు పెదాలు మాత్రం కదిపించు" అని చెప్పే టీచర్లను చూశాను. ఆ మాట విన్న పిల్ల జన్మలో మళ్ళీ పాడదు. ఆమెను బాగా పాడే ఇద్దరి మధ్య కూర్చోబెట్టి, చివరి ఒక్క స్వరం మాత్రం అందుకోమని చెబితే రెండు మూడు నెలల్లో దారికొస్తుంది. చిన్నప్పుడు తండాలో వెనక వరసలో నిలబడి చేసింది కూడా ఇదే కదా. యువజనోత్సవాలకు ఎనిమిది మందినో పది మందినో ఎంచుకుని పంపమంటారు. పంపుతాం, బహుమతి వస్తే సంతోషమే. కానీ ఆ ఎనిమిది మంది కోసం మిగతా యాభై మందిని ప్రేక్షకులుగా మార్చడం నాకు ఇష్టం లేదు. పోటీ ఉన్న నెలలో కూడా రాత్రి పాటకు అందరూ రావాల్సిందే.

ఎత్తుకునే పిల్ల ప్రతి వారం మారుతుంది. దీని మీద మొదట్లో గొడవలు అయ్యాయి, బాగా పాడేవాళ్ళకు కోపం వచ్చింది. ఒక కోయ అమ్మాయి రేలా పాట ఎత్తుకున్న రాత్రి, లంబాడా పిల్లలు, గోండు పిల్లలు, ఇద్దరు ఎరుకల పిల్లలు అర్థం తెలియని ఆ మాటలను అందుకోవడానికి ఆమె నోటి వంకే చూస్తూ కూర్చున్నారు. అప్పటిదాకా మెస్ లైన్లో కూడా మాట్లాడని పిల్ల ఆమె. మర్నాడు నలుగురు ఆమె దగ్గరికి పోయి ఆ మాటకు అర్థమేంటి, ఈ మాటకు అర్థమేంటి అని అడిగారు. నేను కల్పించుకోలేదు.

అన్ని పాటలూ హాస్టల్‌కు రావు, రాకూడదు కూడా. పర్ధాన్‌లు, డోలీలు చెప్పే కథలు వాళ్ళ హక్కు, దేవుడి ముందు చెప్పేవి. వాళ్ళను అడగకుండా మనం వేదిక మీద ముక్కలుగా పాడటం మర్యాద కాదు. చావు ఇంటి పాటలూ అంతే. తీజ్, లెంగి, రేలా, పని పాటలు ఇవి చాలు మనకు, ఇవే బోలెడు.

యువతకు ఒక పని చెబుతాను. మీ దగ్గర మంచి ఫోన్లు ఉన్నాయి. మీ అవ్వ చేత పాట పాడించి రికార్డు చేస్తున్నారు, బాగానే ఉంది. కానీ దాదాపు అన్ని రికార్డుల్లోనూ ఆమె ఒక్కతే పాడుతుంటుంది, మంచం మీద కూర్చుని, గోడ వైపు చూస్తూ. అది సగం పాటే. వంత లేకపోతే ఎక్కడ తాడు పేనుకుంటుందో, ఎక్కడ ఊపిరి ఇవ్వాలో ఆ రికార్డు విని ఎవరూ నేర్చుకోలేరు. ఆమె ఈడు వాళ్ళను ఇద్దరినైనా పక్కన కూర్చోబెట్టండి. వాళ్ళు లేకపోతే మీ అమ్మను, చిన్నమ్మను కూర్చోబెట్టండి. ఆ పాట ఆమెకు ఎవరు నేర్పారో, ఏ తండాలో, ఏ పనిలో ఉండగా నేర్చుకుందో చివర్లో అడిగి అదే రికార్డులో చెప్పించండి. ఆమెను అడగకుండా యూట్యూబ్‌లో పెట్టొద్దు. డీజే బీట్ కలిపి అసలే పెట్టొద్దు. కావాలంటే బీట్ మీ పాటలకు కలుపుకోండి.

ఈ శ్రావణంలో మా హాస్టల్ వరండాలోనే తీజ్ బుట్టలు పెడుతున్నాం. తొమ్మిదో రోజు ఆదివారం పడేలా లెక్క వేసుకుని గోధుమలు శనివారం వేస్తాం, అప్పుడు పరీక్షలకు అడ్డు రాదు, అమ్మానాన్నలూ రాగలుగుతారు. పాట ఎత్తుకోవడానికి శామీర్‌పేట వైపు తండా నుంచి ఒక అవ్వ వస్తానంది. డెబ్బై దాటిన మనిషి, తొమ్మిది రోజులు ఒక్కతే లాగలేదు. ఆమెకు వంత కావాలి, పాటలు తెలిసిన ఆడవాళ్ళు కనీసం ముగ్గురు, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా. మీ ఇంట్లో అమ్మగానీ, అత్తగానీ, పెద్దమ్మగానీ ఉంటే వెంటబెట్టుకుని రండి. పుట్టమన్ను కూడా ఒక సంచి కావాలి, మేడ్చల్‌లో ఎక్కడా దొరకడం లేదు.